కిటికీ గౌరమ్మ నోము

ఈ బరువు నేను చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. మోసి మోసి ఒక్కోసారి అది బరువన్న సంగతే మరిచిపోతాను. పొద్దున దీపం పెట్టి కళ్ళు మూసుకోగానే మళ్ళీ గుర్తొస్తుంది. దేవుడి ముందు కూర్చుంటే నా నోట ముందుగా వచ్చేది కోరిక కాదు, కృతజ్ఞత. అన్నం పెట్టావు. మంచి అత్తవారింట పడేశావు. కళ్ళిచ్చావు. చదువిచ్చావు. ఆ చదువు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను. ఆ చదువుతో నేనేం చేశానో ఆయనకు తెలుసు. మీకు తెలియదు. నా పేరు మీకు అక్కరలేదు, మీ పేరు నాకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

నేను ఒక నోము పుట్టించాను.

ఏ పురాణంలోనూ లేని నోము. దానికో కథ, కథకో ఫలశ్రుతి, ఐదు వారాల నియమం, అన్నీ నావే. పూర్తిగా నావి కూడా కావు. అవి ఎక్కడివో చెప్పడమే ఈ ఒప్పుకోలు.

మా నాయనకు వర్ధన్నపేటలో చిన్న కిరాణా దుకాణం. నన్ను బడికి పంపలేదు. కానీ మధ్యాహ్నాలు దుకాణంలో ఎవరూ రాని వేళ పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించాడు. పదేళ్ళు నిండకముందే పురాణం పట్టించాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ వినేవాళ్ళకు ఏడవడానికి సందు ఇవ్వాలో ఆయనే నేర్పాడు. ఆయన రుణం ఎన్నటికీ తీరదు. ఆ నేర్పు నేను ఎక్కడ వాడానో ఆయనకు తెలియకుండానే వెళ్ళిపోయాడు. అది మా ఇద్దరికీ మంచిదే అయింది.

పెళ్ళయి వరంగల్లు వచ్చాను. అరవైల మొదటి రోజులు. మా వాళ్ళది ధాన్యం వ్యాపారం. ఇంట్లో మగవాళ్ళంతా నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివినవాళ్ళు. మామగారు ఉర్దూలో ఉత్తరం రాస్తే ముత్యాలు పేర్చినట్టుండేది. అదే తెలుగులో బోర్డు చదవాలంటే ఒక్కొక్క అక్షరాన్నీ చెయ్యి పట్టుకుని నడిపించేవారు. మా ఆయన కాస్త నయం, గుణింతాల దాకా వచ్చారు. ఆడవాళ్ళకు ఏ చదువూ లేదు. అంటే తెలుగు గడగడా చదివేది ఇంటి మొత్తానికీ నేనొక్కదాన్నే. ఈ ముక్క గుర్తుంచుకోండి. నా తప్పంతా దీని మీదే నిలబడి ఉంది.

మా అత్తమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. గుడికి పోయి పురాణం వినలేకపోయేది. అందుకని మధ్యాహ్నం మగవాళ్ళ భోజనాలు అయి వాళ్ళు మండీకి వెళ్ళాక, నడవాలో వ్యాసపీఠం వేసి, మా నాయన ఇచ్చిన పెద్ద పురాణం విప్పి నేను చదివేదాన్ని. వాడలోని ఆడవాళ్ళు వచ్చి, తలా కొంత పత్తి ముందేసుకుని, వత్తులు చేసుకుంటూ వినేవాళ్ళు. చివర హారతి. తలా గుప్పెడు పుట్నాలూ బెల్లమూ. నిజం చెప్పాలంటే సగం మంది వత్తి చేతిలో ఉండగానే కునికేవాళ్ళు. పాపం, పొద్దున నాలుగింటికి లేచినవాళ్ళు. నాకేమీ కోపం లేదు.

మా పెరటిగోడకు అవతల విమల అని ఒకావిడ అద్దెకు దిగింది. ఆంధ్రా వైపు వాళ్ళు. ఆవిడ భర్త కాలేజీలో లెక్చరరు. ఒకరోజు బట్టలు ఆరేస్తూ చూస్తే ఆవిడ గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంటోంది. నాకు భయమేసింది.

"ఎవరైనా పోయిండ్రా అమ్మా?" అన్నాను.

"ఇంకా పోలేదండీ," అంది ఆవిడ ముక్కు చీదుతూ. "పోయేలా ఉన్నాడు. వచ్చే గురువారం గానీ తెలియదు."

చేతిలో వారపత్రిక. అందులో సీరియలు.

ఆవిడ ఆ సీరియలు కాగితాలు వారం వారం చింపి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి దాచుకునేది. ఆ కుట్టిన కట్టలే ఒక్కొక్కటిగా గోడ మీదుగా నా చేతికి వచ్చాయి. ఆ మొదటి కట్ట ఎలా చదివానో ఏం చెప్పను? పొయ్యి మీద ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయినా లేవలేదు. అంతవరకు నాకు తెలిసిన ప్రేమ దేవుళ్ళది. అక్కడ విల్లు విరుగుతుంది, సముద్రం దాటుతారు. ఇక్కడ ఒక డాక్టరు గొడుగు మరిచిపోయి వెళ్తాడు. ఆ ఇంటి పిల్ల నళిని దాన్ని తుడిచి మూల నిలబెడుతుంది. అంతే. మూడు పేజీలు. నా గుండె ఆ గొడుగు పక్కనే మూడు రోజులు నిలబడింది.

చదవడం సగం సుఖమైతే, దాని గురించి విమలతో గోడ దగ్గర మాట్లాడుకోవడం తక్కిన సగం. శేఖరం, అంటే ఆ డాక్టరు, ఉత్తరం ఎందుకు రాయలేదు? ఒక మంగళవారం బట్టలు ఆరేసినంతసేపూ అదే. పిల్లవాడు మంచివాడే గానీ తల్లిమాట కాదనలేడని నేను. అలాంటివాడికి ఆ నళిని ఎందుకని ఆవిడ. పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చిన పెద్దముత్తైదువుల్లా ఇద్దరం వాళ్ళ గుణగణాలు తూచేవాళ్ళం. ఆ గోడకూ, ఆ విమలకూ నేను రుణపడే ఉన్నాను. నా మనసులో కూడా ఒక అభిప్రాయం ఉంటుందని, అది పైకి చెప్పవచ్చని నాకు అక్కడే తెలిసింది.

చిక్కల్లా వేళ దొరకకపోవడం. కట్ట శనివారానికి తిరిగి ఇచ్చేయాలి, దాని కోసం విమల స్నేహితురాళ్ళు వరసలో ఉండేవాళ్ళు. ఇంటెడు చాకిరీలో నేను కూర్చునేది ఒక్క పురాణం వేళే. చేతిలో పుస్తకం పట్టుకోవడానికి అనుమతి ఉన్న వేళా అదొక్కటే.

అలా ఆ కట్ట వెళ్ళి పురాణం మధ్యలో కూర్చుంది.

మొదట ఇంత పాపం అనుకోలేదు. కొన్ని అధ్యాయాలు నాకు నోటికి వచ్చు. నోటితో పురాణం చెబుతూ కళ్ళతో నవల చదువుకునేదాన్ని. దేవుడా, నోరు నీకు, కళ్ళు శేఖరానికి, అని మనసులో ఒప్పందం కూడా చేసుకున్నాను. నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదో రోజు శేఖరం మోటారు సైకిలు మీద నుంచి పడ్డాడు. నేను నోరు జారాను.

"అయ్యో, డాక్టరు పడిపోయిండు!"

కునికేవాళ్ళంతా లేచారు.

"డాక్టరెవలే?" అంది అత్తమ్మ.

"వైద్యుడు అత్తమ్మా. వైద్యం నేర్చిన మహారాజు. గుర్రం మీదికెల్లి పడ్డడు."

"అయ్యో! దెబ్బలు జోరుగ తాకినయా?"

అత్తమ్మ ముందుకు జరిగి కూర్చుంది. పక్కింటి రామక్క చేతిలో పత్తి కింద పెట్టింది. మీతో అబద్ధమెందుకు? నాలుగేళ్ళుగా చదువుతున్నాను, నేను ఏం చెప్పినా ఎవరూ అలా ముందుకు జరగలేదు. పేజీ తిప్పాను. "అంతట ఆ శేఖర మహారాజు మూర్ఛిల్లెను" అన్నాను. తిరిగి వెనక్కి రాలేదు.

కాలేజీ గురుకులమైంది. కారు రథమైంది. టెన్నిసు ఆట కందుకక్రీడ. పోస్టుమాను హంస. టెలిఫోను వచ్చినప్పుడు కాస్త తడబడ్డాను, దాన్ని అశరీరవాణి చేశాను. అది మాటిమాటికీ మోగుతుంటే ఆ దేశంలో దేవతలకు వేరే పని లేదా అని రామక్క అడిగింది. నళినికి ఉన్న గయ్యాళి పిన్నిని మాత్రం ఏమీ మార్చలేదు. ఆవిడ ఏ యుగంలోనైనా సరిపోతుంది.

జనం పెరిగారు. నడవా నిండి వాకిట్లోకి వచ్చారు. "నీ నాలిక మీద సరస్వతి ఉన్నది బిడ్డా" అని పెద్దవాళ్ళు నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకునేవాళ్ళు. నేను తల వంచుకునేదాన్ని. అందరూ వినయమనుకున్నారు.

ఒకరోజు మా ఆయన పుస్తకం కళ్ళకద్దుకోబోతే కుట్టు ఊడిన ఒక కాగితం జారింది. దాని మీద బొమ్మ. రెండు జడల పిల్ల, పక్కన ప్యాంటు వేసుకున్న పిల్లవాడు.

"ఇదేంది?" అన్నారు.

"గుర్తు కోసం పెట్టుకున్న కాయితం."

ఆయన నమ్మి, భక్తిగా దాన్ని మళ్ళీ లోపల పెట్టారు. వేరే చోట పెట్టారు. మర్నాడు నేను చూసుకోకుండా చదివేశాను. ద్వీపాంతరం వెళ్ళిన మహారాజు హఠాత్తుగా ఇంట్లో కూర్చుని వంకాయకూర తింటున్నాడు. వాకిలంతా గగ్గోలు. మాయారూపం అని చెప్పాను. "నేననుకున్న," అంది రామక్క.

విమల ఒకనాడు మర్యాదకని పురాణానికి వచ్చింది. కూర్చుని పత్తి తీసుకుంది. రెండు నిమిషాలయ్యాక ఆవిడ చేతులు ఆగాయి. తరువాత కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు కదులుతుంటే, భక్తి పట్టలేక ఏడుస్తోందని పక్కవాళ్ళు వీపు నిమిరారు. సాయంత్రం గోడ దగ్గర ఆవిడ మాట్లాడలేక మాట్లాడలేక, "పోస్టుమాను హంసేమిటండీ బాబూ! మా పోస్టుమానుని మీరు చూశారా?" అంది. కాసేపు ఇద్దరం గోడ పట్టుకుని నవ్వాం. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టింది. ఆ ఒట్టు నిలబెట్టుకున్న మనిషికి ఇప్పుడైనా దండం పెట్టాలి.

ఇంతవరకే అయితే ఇది తప్పు కాదు, అల్లరి. ఇంతవరకే అయితే ఈ కాగితాలు రాసేదాన్ని కాదు.

అనసూయ వదినె మా ఆయనకు అక్క. ఆమెను జనగామలో ఇచ్చారు. భర్త వెంకటేశం అన్నయ్యకు బట్టల దుకాణం. ఇద్దరూ మంచివాళ్ళే. వదినె నోరే కాస్త వేగం. ఒక పండుగకు బంధువులందరి ముందు ఆయన "దుకాణానికైతే తాళమున్నది, మా ఆమె నోటికే లేదు" అన్నాడట. అందరూ నవ్వారట. ఆ సాయంత్రమే వదినె బస్సెక్కి వచ్చేసింది. ఆయన వచ్చి తప్పైందని అంటేనే వెళ్తానంది. ఎనిమిది నెలలు. ఆ మధ్య ఆయన రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ వదినె నోరు తెరిచింది. రెండుసార్లూ ఆయన, మేమిచ్చిన మంచినీళ్ళు సగమైనా తాగకుండానే చెప్పులేసుకున్నాడు. ఆ తరువాత రాలేదు. ఆయనకు మళ్ళీ సంబంధం చూస్తున్నారని ఎవరో చెప్పిన రోజు నుంచి వదినె అన్నం మానేసింది. అత్తమ్మ పూజగదిలో ఏడ్చేది, బిడ్డకు వినబడకుండా.

వదినె పురాణానికి వచ్చేది గానీ వినేది కాదు. గోడ చూస్తూ కూర్చునేది. నళిని కథ ఆ మలుపుకు వచ్చేదాకా.

ఆ మలుపు ఇది. నళిని తొందరపడి ఒక మాట అంటుంది. శేఖరం అలిగి వెళ్ళిపోతాడు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ పిల్ల అతనికి ఇష్టమైన ఆకుపచ్చ చీర కట్టుకుని, పడమటి కిటికీలో దీపం పెట్టి, అది ఉన్నంతసేపు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటుంది. ఆ పక్కనుంచి పోయే రైలులో అతను ఉంటే దీపం చూస్తాడని. మాటతో పోయినవాడు కాబట్టి మాట లేకుండా రప్పించుకోవాలని. రైలును నేను రథం చేశాను. మిగతాదంతా ఉన్నదున్నట్టు చదివాను.

హారతి అయింది. అందరూ పుట్నాలు కొంగున ముడేసుకుని వెళ్ళారు. వదినె వెళ్ళలేదు. వ్యాసపీఠం దగ్గరికి జరిగింది.

"పిల్లా, ఒక్కటడుగుత. నవ్వొద్దు."

"నవ్వను వదినె."

"ఆ నళినీదేవి దీపం పెట్టుడు, గది నోమేనా?"

నేను పుస్తకం మూసేశాను.

"నోమైతే నేను పట్టొచ్చునా? ఆమెది కూడ నా లెక్కనే గదా. నోరు జారింది, ఆయన పోయిండు. ఆమెకు దేవుడు దారి చూపెట్టిండు. నాకెవలు చూపెడ్తరే?"

"వదినె, అదీ..."

"కాదంటె కాదని చెప్పు, నేనేమనుకోను. పోనీ నీకు సక్కగ ఎర్కలేకపోతె గుళ్ళె అయ్యగారిని అడుగుత. జర గా పుస్తకమియ్యి, తీస్కపోయి చూపెడ్త."

ఆమె చెయ్యి పుస్తకం మీద పడింది. లోపల రెండు జడల పిల్ల.

"నోమే వదినె," అన్నాను. "పట్టొచ్చు."

"ఎన్ని వారాలు?"

"అయిదు."

"ఏ దేవత?"

దేవత! నవలలో దేవత ఎక్కడుంది? నేను అటూ ఇటూ చూశాను. ఎదురుగా కిటికీ కనిపించింది.

"గౌరమ్మ," అన్నాను. "కిటికీ గౌరమ్మ."

ఇక్కడ కొంచెం ఆగాలి. వదినె కాపురం నిలవాలని అబద్ధమాడానని మీరు అనుకుంటే నాకు సంతోషమే. నేనే చాలా ఏళ్ళు అలా అనుకోవడానికి ప్రయత్నించాను. కానీ ఆ క్షణాన నా మనసులో వదినె లేదు. కాపురం లేదు. ఆ పుస్తకం అయ్యగారి చేతికి పోతే నా మధ్యాహ్నాలు పోతాయి, శేఖరం తిరిగి వస్తాడో రాడో నాకు ఎప్పటికీ తెలియదు. అదొక్కటే ఉంది. ఒక మనిషి ఎనిమిది నెలల కన్నీళ్ళు నా ముందు పోస్తే, నేను నా సీరియలు చూసుకున్నాను. ఐదు వారాలు గడిచి ఆయన రాకపోతే ఈమె ఏమవుతుందని ఒక్కసారైనా ఆలోచించానా? రాత్రి ఆలోచించాను. చెప్పిన తరువాత.

మొదటి శుక్రవారం వచ్చింది. వదినె తలస్నానం చేసి, ఆకుపచ్చ చీర కట్టి, మా పడమటి కిటికీ కడిగి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దీపం వెలిగించింది. దీపం కొండెక్కేదాకా మాట్లాడకూడదు. వదినె మాట్లాడలేదు! ఇంట్లో వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మామగారు రెండుసార్లు వచ్చి పానం బాగున్నదా అని కనుక్కుని వెళ్ళారు. రెండో శుక్రవారమూ అంతే. ఎవరూ రాలేదు.

మూడో వారం, గురువారం పొద్దున విమల గోడ మీదుగా పత్రిక అందించింది. ముఖం వాచి ఉంది. "ఆఖరి భాగం," అంది.

అక్కడే నిలబడి చదివాను. శేఖరం తిరిగి వస్తాడు. కిటికీ కింద నిలబడి చూస్తాడు. దీపం లేదు. నళిని ఆ ముందురోజే దూరదేశపు ఆసుపత్రికి నర్సుగా వెళ్ళిపోయింది. అతను చీకటి కిటికీ వైపు చూస్తూ నిలబడతాడు. సమాప్తం.

"ఎంత బాగా ముగించిందో కదండీ," అంది విమల.

"ఏం బాగున్నదమ్మా? ఆ పిల్ల ఇన్ని వారాలు కూసున్నది. ఒక్కరోజు ఆగితె ఏం పోయింది?"

"అదేనండీ అందం. అందకపోవడంలోనే ఉంది."

"మీకేం, మీరు చదివి పక్కన పెడ్తరు. మా ఇంట్ల ఒకామె కిటికీల కూసున్నది!"

విమలకు అప్పటిదాకా నోము సంగతి తెలియదు. చెప్పాను. ఈసారి ఆవిడ నవ్వలేదు. "ఇప్పుడేం చదువుతారు?" అంది. ఆ ప్రశ్నతోనే ఇంట్లోకి వచ్చాను.

ఆ మధ్యాహ్నం వాకిలి కిటకిటలాడింది. కథ ముగిసే రోజని ముందే చెప్పి ఉంచాను. వదినె స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఆమె చేతిలో పత్తి లేదు. నా కళ్ళ ముందు అచ్చులో ఉంది: కిటికీ చీకటిగా ఉంది. నేను గొంతు సవరించుకుని చదివాను: "దీపము దేదీప్యమానముగా వెలుగుచున్నది."

ఆ తరువాత ఏం చదివానో అదేదీ ఆ కాగితం మీద లేదు. రథం ఆగింది. మహారాజు దిగాడు. మెట్లెక్కాడు. నళినీదేవి మాట్లాడలేదు, ఆయనే మాట్లాడాడు. ఇంతమాత్రం కల్పన చేసి ఆపి ఉంటే దేవుడు క్షమించేవాడేమో. కానీ నోరు ఊరుకోలేదు. ఫలశ్రుతి కూడా చెప్పాను. ఈ కథ విన్నవారికి, ఐదు శుక్రవారములు ఈ నోము నోచినవారికి, ఎడబాసిన భర్తలు తమంతట తామే వత్తురు, అని. చెప్పి, పుస్తకానికి హారతి ఇచ్చాను. కర్పూరం వెలుగులో అందరూ కళ్ళకద్దుకున్నారు. రాసిన రచయిత్రి అక్కడ ఎక్కడో తన ముగింపు చూసుకుని మురుస్తూ ఉండి ఉంటుంది. ఇక్కడ దాన్ని నేను మార్చేశాను. ఆమెకూ అపరాధినే.

మర్నాడు శుక్రవారం.

సరుకేదో స్టేషనుకు వచ్చిందని వెంకటేశం అన్నయ్య వరంగల్లు వచ్చాడు. వచ్చినవాడు మా వాకిట్లో నిలబడ్డాడు. దీపం అప్పుడే పెట్టారు. అత్తమ్మ పరుగున, ఆ మోకాళ్ళతో పరుగున, వచ్చి అందరికీ వేలితో సైగ చేసింది. ఎవరూ మాట్లాడొద్దని. ఆయన లోపలికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, చెప్పులు చేతికందేలా.

వదినె తల తిప్పి చూసింది. మళ్ళీ దీపం వైపు తిరిగింది.

"పానం మంచిగున్నదా?" అన్నాడాయన.

మాట లేదు.

"నా మీద కోపం పోలేదా?"

మాట లేదు. ఆయనకు భయం పట్టుకుంది. తిడుతుందని సిద్ధపడి వచ్చిన మనిషి, తిట్లు రాకపోతే ఏం చెయ్యాలో తెలియక పీట మీద కూలబడ్డాడు. తనే మొదలుపెట్టాడు. ఆ రోజు నవ్వులాటకు అన్నానన్నాడు. అనరానిదే అన్నానన్నాడు. ఇంట్లో నిశ్శబ్దం చెవులు కొరుకుతోందన్నాడు. మళ్ళీ సంబంధం మాట అమ్మ అన్నదే, తను కాదన్నాడు. మేమంతా తలుపు వెనక. దీపం సన్నబడింది. అది ఆరితే మౌనం పోతుంది, మౌనం పోతే వదినె నోరు తెరుస్తుంది. అత్తమ్మ చడీచప్పుడు లేకుండా వెళ్ళి ప్రమిదలో నూనె పోసి వచ్చింది. ఆయన ఇంకా చెబుతున్నాడు. మళ్ళీ సన్నబడింది. మళ్ళీ పోసింది. మూడోసారి పోసేటప్పటికి ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. అప్పుడు అత్తమ్మ నూనె గిన్నె కింద పెట్టింది.

దీపం కొండెక్కింది. ఆ సాయంత్రం వదినె భర్తతో అన్న మొదటి మాట: "తిన్నవా?"

ఆదివారం ఇద్దరూ జనగామ వెళ్ళారు. మిగిలిన రెండు వారాలు అక్కడే పట్టింది. నూనె ఆయనే పోశాడట.

ఇక నోము నా చేతిలో లేదు. రామక్క చెల్లెలు పట్టింది. హనుమకొండలో ఎవరో పట్టారు. కొందరు గుళ్ళో అయ్యగారిని అడగనే అడిగారు. ఆయన పెద్దమనిషి, తనకు తెలియని నోము ఉందని ఎలా ఒప్పుకుంటాడు? "ఉన్నది, ఉన్నది. చాలా పురాతనం" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు ఊరట కలిగింది. నాలాంటివాడు ఇంకొకడున్నాడని. అదీ ఒప్పుకుంటున్నాను. కొన్నాళ్ళకు ఎవరో చిన్న పుస్తకం కూడా అచ్చు వేశారు. గుడి బయట కొని చూశాను. ముతక కాగితం, అచ్చుతప్పులు. అయినా నడుమ కందుకక్రీడ అలాగే ఉంది. నా మాట అచ్చులో చూసుకుని అక్కడే నిలబడి సంబరపడ్డాను. గుడిముందు. ఇది ఎన్నో పాపమో లెక్క తప్పింది.

చెప్పాలని ప్రయత్నించలేదా? వదినె వెళ్ళిన సోమవారం అత్తమ్మ దగ్గర కూర్చున్నాను. "అత్తమ్మా, ఆ కథ..." అన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని తన కళ్ళకు అద్దుకుంది. "నువ్వు చదవబట్టి నా బిడ్డ ఇల్లు చేరింది. నిన్ను కన్న తల్లికి దండం పెట్టాలె" అంది. పెద్దది చిన్నదాని చేతులు కళ్ళకద్దుకోవడం!   ఇతరులకు కృతజ్ఞత చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నాది కాని కృతజ్ఞత నేను తీసుకుంటే అది ఎంత బరువుంటుందో ఆ రోజు తెలిసింది. అది తీసుకునే ఉంచుకున్నాను. అత్తమ్మ నమ్మకంతోనే వెళ్ళిపోయింది.

ఒక్కోసారి నన్ను నేను అడుగుతాను. ఆ ఆడవాళ్ళు పెట్టిన దీపాలు ఎవరికి చేరాయి? గౌరమ్మ అని పిలిచారు కాబట్టి గౌరమ్మ పలికి ఉంటుందా? ఏ కిటికీ నుంచి పిలిస్తేనేం అని అనుకుని ఉంటుందా? ఆమె పేరు నేను దొంగతనంగా వాడుకున్నానని ఆమెకు కోపం ఉందా? ఉంటే నాకు ఏదో ఒక శిక్ష పడాలి కదా. పడలేదు. పిల్లలు, మనవలు, కంటిచూపు, అన్నీ ఇచ్చింది. ఇలా ఇస్తూ పోతే నేనేమని అనుకోవాలి? మరి ఆ ఐదు వారాలూ పట్టినా ఎవరూ రాని ఆడవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళు తమ నియమంలోనే ఏదో లోపం జరిగిందని అనుకుని ఉంటారు. వాళ్ళ ముఖాలు నాకు తెలియవు. పూజలో నేను ఆగిపోయేది వాళ్ళు గుర్తుకొచ్చినప్పుడే.

క్షమించమని అడగను. అడగాలంటే మళ్ళీ చెయ్యనని చెప్పాలి. ఆ మధ్యాహ్నాలు తిరిగి వస్తే, ఆ కట్ట గోడ మీదుగా నా చేతికి వస్తే, చెయ్యనని దేవుడి ముందు అనలేకపోతున్నాను. ఎన్నోసార్లు ప్రయత్నించాను. నోరు రాదు.

అందుకని ఉన్నదున్నట్టు చెప్పి ఊరుకుంటాను. అది పురాణం కాదు. నవల. నేను చదివాను, మార్చాను, హారతి ఇచ్చాను. ఇది రాసిన చెయ్యి ఇప్పుడు తేలిగ్గా ఉంది. ఇన్నేళ్ళలో ఇంత తేలిగ్గా లేదు. నాకు ఇదే చాలు.

మీకు మాత్రం ఒక్క మనవి. మీ ఇంట్లో ఎవరైనా ఇప్పుడు ఆ నోము పట్టి ఉంటే, ఈ కాగితాలు వాళ్ళకు చూపించకండి. ఐదు వారాలూ కానివ్వండి.